పుట్టించిన భాషలు: తరచుగా అడిగే ప్రశ్నలు

విజయనగరంలో ఆదివారం సాయంత్రాలు ఓ పదిమందిమి కూర్చుని, రాసుకున్న కథలు ఒకరికొకరం చదివి వినిపించుకుంటాం. ఈమధ్య సగం కథల్లో మంత్రనగరాలూ రెక్కల గుర్రాలే. కథ అయిపోగానే భాష గొడవ మొదలవుతుంది: ఆ లోకంవాళ్ళు తెలుగెందుకు మాట్లాడతారు, వాళ్ళ భాష వాళ్ళకుండదా అని. కొత్తగా వచ్చిన ప్రతివాళ్ళూ ఇవే ప్రశ్నలు అడుగుతున్నారు కాబట్టి జవాబులు ఒకచోట రాసి పెడుతున్నాను. నేను భాషాశాస్త్రం చదివినవాణ్ణి కాదు. పాలకొండ వైపు పుట్టి, నాలుగు రకాల మాటలు చెవిన పడుతుండగా పెరిగి, రాస్తూ తప్పులు చేసినవాణ్ణి. అందులో ఒక తప్పు గురించి కింద దాచకుండా రాశాను.

నోటికొచ్చిన శబ్దాలు రాసేస్తే అది భాష అయిపోదా?

కాదు. చిన్న పరీక్ష పెట్టండి. మీ రాక్షసుడి చేత "నేను రేపు వస్తాను" అనిపించండి. తర్వాత "వాడు నిన్న వచ్చాడు" అనిపించండి. రెండు వాక్యాల్లోనూ "రావడం" అన్న ముక్క ఎక్కడో పోలిక తెలిసేలా కనబడాలి. రేపు, నిన్నల తేడా ఎక్కడుందో వేలు పెట్టి చూపించగలగాలి. చూపించలేకపోతే అది గొంతు సవరించుకోవడమే.

చిన్నప్పుడు మనం మాట్లాడుకున్న "క భాష" సంగతి కూడా అడుగుతుంటారు. "కరా కము కడు" అంటే రాముడు. అది భాష కాదు, తెలుగుకి వేసిన ముసుగు. ప్రతి అక్షరం ముందూ క తీసేస్తే కింద మన తెలుగే ఉంటుంది. కథలో పిల్లల రహస్యాలకి పనికొస్తుంది, ఒక రాజ్యానికి పనికిరాదు.

ఈ పిచ్చి ఎవరు మొదలెట్టారు?

చాలా పాతది. 12వ శతాబ్దంలో జర్మనీలో హిల్డెగార్డ్ అనే క్రైస్తవ సన్యాసిని సొంత మాటలతో ఒక పదకోశమే తయారు చేసుకుంది. 1516లో అచ్చయిన థామస్ మోర్ పుస్తకంలో ఆయన ఊహాద్వీపానికి అక్షరమాల, నాలుగు పాదాల పద్యం కూడా ఉన్నాయి. 1887లో జామెన్‌హాఫ్ ఎస్పరాంటోని బయటపెట్టాడు. అది కథ కోసం కాదు, దేశదేశాల మనుషులు మాట్లాడుకోవడం కోసం. కథల్లోకి భాషని వ్యాకరణంతో సహా దింపినవాడంటే మాత్రం 'లార్డ్ ఆఫ్ ద రింగ్స్' రాసిన టోల్కీన్ పేరే చెప్పుకోవాలి.

టోల్కీన్ ఆ భాషల్ని ఎక్కణ్ణుంచి తెచ్చాడు?

ఇది నాకు ఇష్టమైన ప్రశ్న, కాస్త పొడుగ్గా చెప్తాను.

టోల్కీన్ (1892–1973) ఆక్స్‌ఫర్డ్‌లో పాత ఇంగ్లీషు చెప్పిన ప్రొఫెసరు. ఆయన లెక్క మనం అనుకునేదానికి తలకిందులు. కథ రాసి, దానికి భాష అతికించలేదు. భాషలు ముందు పుట్టాయి, వాటికి ఉండడానికో లోకం కావాలని కథలు రాశాడు. ఈ విషయం ఆయనే ఒక ఉత్తరంలో చెప్పుకున్నాడు.

చిన్నప్పుడు బర్మింగ్‌హాంలో ఆయన ఇంటి వెనకనుంచి బొగ్గు బండ్లు పోయేవి. వాటిమీద వేల్స్ ఊళ్ళ పేర్లు రాసి ఉండేవి. ఎలా పలకాలో తెలియని ఆ పేర్లు ఆ పిల్లాడి బుర్రలో ఉండిపోయాయి. విజయనగరం జంక్షన్‌లో రాయపూర్ లైను వైపు తిరిగే గూడ్సు బండి పెట్టెలు లెక్కపెడుతూ, మీదున్న రాతలు చదువుతూ నించున్నవాళ్ళకి ఇది వేరే చెప్పక్కర్లేదు. కొన్నాళ్ళకి కాలేజీ లైబ్రరీలో ఆయనకి ఫిన్నిష్, అంటే ఫిన్లాండ్ భాష, వ్యాకరణం ఒకటి దొరికింది. అంతకుముందెప్పుడూ రుచి చూడని ద్రాక్షసారాయి సీసాలు నిండిన గది దొరికినట్టయిందని ఆ సంబరాన్ని చెప్పుకున్నాడు. ఫిన్నిష్ మత్తులోంచి క్వెన్యా పుట్టింది, వేల్స్ భాష వెల్ష్ మీద ప్రేమలోంచి సిందరిన్. రెండూ ఆయన లోకంలో ఎల్ఫ్‌లనే చావులేని జాతి భాషలు.

క్వెన్యా చూస్తే మనకి కొత్తగా ఉండదు. ఫిన్నిష్‌లాగే, తెలుగులాగే అది మాట వెనక ప్రత్యయాలు తగిలించే భాష. మాటలు అచ్చులతోనో, కొన్ని మెత్తని హల్లులతోనో ముగుస్తాయి. కిర్యా అంటే ఓడ. ఓడకి అంటే కిర్యన్నా, ఓడలో అంటే కిర్యస్సే, ఓడనుంచి అంటే కిర్యల్లో. చివరిది చూసి నవ్వుకున్నాను. మనకి "ఊళ్ళో" అంటే ఊరి లోపల, వాళ్ళకి "ల్లో" అంటే బయటికి వచ్చేయడం.

సిందరిన్‌లో మాట మొదటి అక్షరం ఎందుకు మారిపోతుంది? అచ్చుతప్పులా?

తప్పు కాదు, అది వెల్ష్ నుంచి వచ్చిన లక్షణం. వెల్ష్‌లో తాద్ అంటే తండ్రి. నీ తండ్రి అనాలంటే ముందు "ద" చేరి, త మెత్తబడి "ద దాద్" అవుతుంది. సిందరిన్‌లోనూ పెరియన్ (పొట్టి మనిషి) అనే మాటకి ముందు "ఆ" అనే అర్థంలో "ఇ" వస్తే ఇ బెరియన్ అవుతుంది. ఇంగ్లీషువాళ్ళు దీన్ని చూసి బెంబేలెత్తిపోతారు, నిఘంటువులో మాట ఎక్కడ వెతకాలో తెలియదు కాబట్టి.

మనం ఎందుకు బెంబేలెత్తాలి? తల్లి, తండ్రి కలిస్తే ఏమవుతోంది? తల్లిదండ్రులు. అన్నా తమ్ముడూ అన్నదమ్ములు. కూరా కాయా కూరగాయలు. క చ ట త పల చోట గ స డ ద వలు వస్తాయని బడిలో బట్టీ పట్టిన గసడదవాదేశమే ఇది. వేల్స్‌లో కార్డిఫ్ తండ్రీ, మన కవిటి తండ్రీ ఇద్దరూ ముందు ఇంకో మాట తగలగానే త నుంచి ద కి మెత్తబడుతున్నారు. వెల్ష్‌కీ తెలుగుకీ చుట్టరికం లేదు. మనిషి నోరు సులువు వెతుక్కునే దారి ఒకటే కావడం వల్ల వచ్చిన పోలిక. సంధులు ఎందుకూ పనికిరావని అనేవాళ్ళకి నేను ఈ ఉదాహరణే చెప్తాను. కొత్త భాషని నమ్మించాలంటే మాటల పట్టిక కన్నా ఇలాంటి ఒక్క అలవాటు చాలు.

క్లింగాన్ వింటే తిట్టినట్టుంటుంది. కావాలనే చేశారా?

కావాలనే. 1984 నాటి 'స్టార్ ట్రెక్' సినిమాలో క్లింగాన్‌లనే గ్రహాంతరవాసుల కోసం మార్క్ ఓక్రాండ్ దానికి వ్యాకరణం కట్టాడు, 1985లో నిఘంటువు అచ్చయింది. ఆయన అంతకుముందు కాలిఫోర్నియాలో మాట్లాడేవాళ్ళు మిగలని మూట్సున్ అనే ఆదివాసీ భాష మీద పరిశోధన చేసినవాడు. మనుషుల భాషల్లో బాగా అరుదైన పదక్రమం కావాలని కర్మ, క్రియ, కర్త వరసని ఎంచుకున్నాడు.

ఇక్కడో తమాషా ఉంది. "మనిషిని కరిచింది కుక్క." ఇది క్లింగాన్ వరస. మనకేమైనా వింతగా ఉందా? విభక్తి ఉంది కాబట్టి తెలుగు ఎలా తిప్పినా నిలబడుతుంది. అలాగే ఇంగ్లీషు చెవికి మొరటుగా తగలాలని నాలిక వెనక్కి మడిచి పలికే డ ని పెట్టాడు. అది మన గేటు దగ్గర రోజూ వినబడే డ. "ఒరే, డబ్బా ఎక్కడ పెట్టినావురా" అన్నంత మామూలుది. గ్రహాంతరవాసి భాష అని వాళ్ళు భయపడేది మనకి పక్కింటి గొంతు. ఏ శబ్దం పరాయిదో తేల్చేది చెవి. అందుకే కొత్త భాష కట్టేముందు మీ పాఠకుడి చెవి ఏ ఊరిదో తేల్చుకోండి. ఇంగ్లీషు నవల చూసి ట, డ, ణలు గుప్పిస్తే తెలుగు పాఠకుడు ఒక్క వెంట్రుక కూడా నిక్కబొడుచుకోడు.

దోత్రాకీ, వలీరియన్ సంగతి?

రెండూ డేవిడ్ పీటర్సన్ కట్టినవి. 2011లో మొదలైన 'గేమ్ ఆఫ్ థ్రోన్స్' టీవీ ధారావాహిక కోసం, నవలల్లో ఉన్న కొద్దిపాటి మాటల్ని ఆధారం చేసుకుని అల్లాడు. దోత్రాకీలు గుర్రాల మీద బతికేవాళ్ళు. "బాగున్నావా" అనాలంటే "స్వారీ బాగా చేస్తున్నావా" అని అడుగుతారు. మనవైపు "తిన్నావేటి" అని పలకరించినట్టే. జనం దేనిమీద బతుకుతారో పలకరింపులో అది వస్తుంది. ధన్యవాదాలకి వాళ్ళ భాషలో మాట లేదు. మా అప్పకి ఈ మాట చెప్తే "మనకి మాత్రం ఉందేటి, పుస్తకాల్లో తప్ప" అంది.

ఉన్నత వలీరియన్‌లో లింగాలు నాలుగు: చంద్ర, సూర్య, భూ, జల. క్రియ మనలాగే చివర్న వస్తుంది. మొబైల్లో నేర్పే డ్యువోలింగోలో 2017 నుంచి ఉంది, క్లింగాన్ 2018లో చేరింది. సరదా ఉంటే చూడండి.

తెలుగు తెలిసినవాళ్ళకి నావీ తేలికంటారు, నిజమేనా?

ఒక విషయంలో నిజం. 2009 నాటి అవతార్ కోసం పాల్ ఫ్రామర్ చేసిన నావీలో "మనం", "మేం" వేరువేరు. ఇంగ్లీషులో ఈ తేడా లేదు, హిందీలోనూ లేదు. "మేం సినిమాకి వెళ్తున్నాం" అంటే నువ్వు రానక్కర్లేదని మనకి చెప్పకుండానే తెలుస్తుంది. ఆ మాట విని చిన్నబుచ్చుకున్న ప్రతి తెలుగువాడికీ నావీ సర్వనామాలు సగం వచ్చేసినట్టే.

ఇక లెక్కలు. నావీలకి చేతికి నాలుగే వేళ్ళు, అందుకని ఎనిమిదితో లెక్క. ఇది వినగానే అందరూ ఎంత ఊహ అంటారు. సీతంపేట కొండలమీద, గుణుపురం వైపు సవరలనే గిరిజనులు లెక్కపెట్టే తీరు వినండి. పన్నెండు దాకా వెళ్ళి, పదమూడుకి పన్నెండు-ఒకటి అంటారు. ఇరవైకి మళ్ళీ కొత్త కట్ట. తొంభైమూడు అంటే నాలుగు ఇరవైలు, పన్నెండు, ఒకటి. ప్రపంచంలో ఇలా పన్నెండూ ఇరవై కలిపి లెక్కించే భాషలు చాలా తక్కువ. పాలకొండలో బస్సెక్కితే గంటలో చేరే చోట ఉన్న లెక్క ఇది.

సవర తెలుగుకి చుట్టం కాదు. ముండా కుటుంబానిది, దూరాన కంబోడియా, వియత్నాం భాషలకి బంధువు. క్రియలోనే నామవాచకాల్ని ఇరికించేస్తుంది. కత్తితో నిన్ను కడుపులో పొడవడం అన్నదంతా, పొడుపూ కడుపూ కత్తీ కాలమూ నువ్వూ కలిపి, ఒకే మాటగా వస్తుంది. ఇలాంటిది ఎవరైనా కల్పించి రాసి మా ఆదివారం గుంపులో చదివితే "మరీ అతి చేస్తన్నావు" అనేవాళ్ళం.

అయితే సవర మాటలు తీసుకుని నా అడవి రాక్షసుల భాషకి వాడుకోవచ్చా?

వద్దు. ఇదే నేను చేసిన తప్పు.

మొదటి నవలిక రాసేటప్పుడు సీతంపేట సంతలో విన్న శబ్దాలు నోట్ చేసుకుని, అటూ ఇటూ మార్చి, నరమాంసం తినే భూతాల నోట్లో పెట్టాను. వింతగా ఉన్నాయి కదా, అదే చాలనుకున్నాను. ఓ ఆదివారం చదువుతున్నాను. భూతం రక్తం తాగుతూ "డా! డా!" అంటోంది. మూలన కూర్చున్న ఒక కుర్రాడు, డిగ్రీ చదువుతున్న సవర అబ్బాయి, మెల్లిగా అన్నాడు: "మేస్టారూ, అది మా ఇంట్లో నీళ్ళకి అనే మాట. మా అమ్మ బిందె ఎత్తుకుని అదే అంటుంది."

కోప్పడలేదు. కోప్పడి ఉంటే నాకు సులువయ్యేది. ఆ పేజీలు అక్కడే మడిచేశాను.

తర్వాత ఆలోచిస్తే తెలిసింది, ఇది నా ఒక్కడి తప్పు కాదు. మన సినిమాల్లో, కథల్లో కొండమీదివాళ్ళ మాట అంటే అర్థంలేని అరుపు. అరుపుకి వ్యాకరణం అక్కర్లేదు కదా, అందుకే ఎవరూ కష్టపడరు. టోల్కీన్ ఫిన్నిష్‌ని తీసుకుని తన లోకంలో అందరికన్నా పెద్దవాళ్ళకి ఇచ్చాడు. నేను పక్క కొండ మాటని తీసుకుని భూతానికి ఇచ్చాను. తేడా అక్కడుంది.

ఒక భాష దగ్గరికి ఎలా వెళ్ళాలో మన వాడే చూపించాడు. ముఖలింగం దగ్గర పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి, విజయనగరంలో గురజాడతో కలిసి చదువుకున్నవాడు, పర్లాకిమిడిలో మేస్టారుగా ఉంటూ సవరలతో మాట్లాడాలని సవర తెలిసినవాణ్ణి ఇంట్లో పెట్టుకుని నేర్చుకున్నాడు. ఏళ్ళ తరబడి చేసిన ఆ పని 1931లో సవర వ్యాకరణంగా అచ్చయింది. వాడుక తెలుగు కోసం పోరాడినవాడిగానే ఆయన్ని తలుచుకుంటాం. జనం నోట్లో ఉన్నదే భాష అన్న పట్టుదల ఆయనకి రెండు చోట్లా ఒకటే.

అలాగని దేన్నీ ముట్టుకోకూడదని కాదు. నిర్మాణం నేర్చుకోండి, మాటలు ఎత్తుకురాకండి. పన్నెండు, ఇరవైల లెక్కని మీ రాజ్యపు వర్తకులకి ఇవ్వొచ్చు. ఇస్తే ఎవరి దగ్గర నేర్చుకున్నారో ముందుమాటలో చెప్పండి.

తెలుగులో ఎవరూ భాష పుట్టించలేదా?

భాష మొత్తంగా కాదు గాని, మాటలు పుట్టించినవాడున్నాడు. పింగళి నాగేంద్రరావు. పుట్టింది 1901లో, మన రాజాంలో. పెరిగింది బందరులో అనుకోండి, అయినా రాజాం పేరు వదులుకోం.

1957 నాటి మాయాబజార్‌లో రాక్షసులు "దుషట చతుషటయం" అంటారు. నవ్వేసి ఊరుకుంటాం. జాగ్రత్తగా వినండి: సంయుక్తాక్షరం నోరు తిరగక మధ్యలో అచ్చు దూరుతోంది. వ్యాకరణంలో దీన్ని స్వరభక్తి అంటారు. మన ఊళ్ళలో బక్తి బకితి అయ్యేది ఇలాగే. పింగళి రాక్షసులకి వంకర మాటలు ఇవ్వలేదు, ఒక ఉచ్చారణ సూత్రం ఇచ్చాడు. అస్మదీయులు అసమదీయులైంది. దానికి ఎదురుగా తసమదీయులు అన్నాడు. సంస్కృతంలో అలాంటి మాటే లేదు, ఉండాల్సింది తదీయులు. పిల్లలు "వచ్చాడు" చూసి "పోచ్చాడు" అన్నట్టు, ఉన్న అచ్చులోంచి లేనిదాన్ని పోతపోశాడు.

ఇంకా గొప్పది గింబళి. కాఫీ గీఫీ, పెళ్ళి గిళ్ళి అంటూ మనం రోజూ అనే జంటలో రెండోదానికి అర్థముండదు. ఆయన కంబళి పక్కన గింబళినీ, తల్పం పక్కన గిల్పాన్నీ పెట్టి, ఆ అర్థంలేని మాటలకి తెరమీద నిజంగా ఒక వస్తువునీ, ఒక మహిమనీ ఇచ్చాడు. ఫిన్లాండ్ వెళ్ళలేదు, వేల్స్ వెళ్ళలేదు. మన నోట్లోంచే తీశాడు. ఎవరూ పుట్టించకపోతే మాటలెలా పుడతాయని ఘటోత్కచుడి చేత అనిపించినవాడికి ఆ హక్కుంది.

మరి కిలికి?

2015 నాటి బాహుబలిలో కాలకేయుల కోసం తమిళ గీత రచయిత మదన్ కార్కీ చేశాడు. దాదాపు 750 మాటలు, 40 వ్యాకరణ సూత్రాలు. నేను అంటే మిన్, నువ్వు అంటే నిమ్, తిరగేస్తే సరి. తెలివైన పద్ధతి. 2020లో మాతృభాషా దినోత్సవం నాడు లిపితో సహా జనంలోకి వదిలారు. పనితనానికి వందనం. కాకపోతే తెరమీద అది కూడా నల్లరంగు పూసిన మొరటు మూక నోట్లోనే పడింది. పైన సవర మాటల ప్రశ్నకి ఇచ్చిన జవాబు చదివినవాళ్ళకి నా బాధేమిటో తెలుస్తుంది.

లిపి కూడా తయారు చేయాలా?

అక్కర్లేదు, కాని చేస్తే సరదా. టోల్కీన్ చేసిన తెంగ్వార్‌ని చూస్తే మనకి ఓనమాలు గుర్తొస్తాయి. పెదవులతో పలికేవి ఒక వరసలో, దంతాల దగ్గర పలికేవి ఒక వరసలో. పరుషానికి ఒక వంపు, సరళానికి అదే వంపు రెండుసార్లు. అచ్చులు హల్లు నెత్తిమీద గుర్తులుగా కూర్చుంటాయి, మన గుడి, కొమ్ముల్లాగా. మనకి మూడో ఏట పలకమీద నేర్పేది అక్కడ పెద్దయ్యాక అభిమానులు నేర్చుకుంటారు.

పుట్టించిన లిపి కథల్లోనే ఉంటుందనుకోకండి. 1936లో మంగేయి గొమాంగో సవరకి సొరంగ్ సొంపెంగ్ అనే లిపిని రూపొందించాడు. అంతకు ముందే, 1925లో, రఘునాథ్ ముర్ము సంతాలీకి ఓల్ చికీ చేశాడు. కంప్యూటర్లలో అన్ని లిపులకీ చోటిచ్చే పట్టిక యూనికోడ్‌లో సొరంగ్ సొంపెంగ్ 2012లో చేరింది. క్లింగాన్ లిపికి 2001లో అదే యూనికోడ్‌వాళ్ళు వద్దన్నారు. ఈ ఒక్కచోట సినిమా కన్నా కొండే గెలిచింది.

మా శ్రీకాకుళం యాసని కల్పిత లోకంలో వాడొచ్చా? నవ్వుతారేమో.

నవ్వేది ఎందుకంటే ఇన్నేళ్ళూ దాన్ని నౌకరుకీ, హాస్యగాడికీ మాత్రమే ఇచ్చారు కాబట్టి. టోల్కీన్ తన గుర్రపు రౌతుల రాజ్యానికి పాత ఇంగ్లీషుని ఇచ్చాడు, రాజు దగ్గర్నుంచి. మీరూ రాజుకి ఇవ్వండి. "ఏటిరా, ఉత్తరం తలుపు ఏసీసినారా? మరి నాను సెప్పినోళ్ళు లోపలికొచ్చీసినారా?" అని ఒక మహారాజు యుద్ధం ముందురోజు రాత్రి అడగాలి. అక్కడ పాఠకుడు నవ్వితే తప్పు మీ సన్నివేశానిది, యాసది కాదు.

మా గుంపులో ఒకమ్మాయి అలా రాసింది. మొదటి పేరాకి ఇద్దరు నవ్వారు. మూడో పేరాకి ఎవరూ నవ్వలేదు.

ఎన్ని మాటలు ఉంటే చాలు?

కథకి సరిపడా. ఓ నూటయాభై మాటలు, పది సూత్రాలు, ఊళ్ళ పేర్లు, రెండు తిట్లు, ఒక పలకరింపు, లెక్కలు. ముందు ఊళ్ళ పేర్లు మొదలెట్టండి. వలస, పేట, పాడు, పురం అని మన ఊళ్ళ చివర్లు చూస్తే ఎవరు ఎప్పుడు వచ్చి దిగారో తెలుస్తుంది. మీ పటంలో కూడా తెలియాలి.

మీ నవలిక ఏమైంది?

మళ్ళీ రాస్తున్నాను. భాష ఇప్పుడు 212 మాటల దగ్గరుంది. కొత్త హల్లుల పట్టికని ఆ సవర అబ్బాయికే ముందు చూపించాను. రెండు చోట్ల కొట్టేసి, ఒకచోట "ఇది బాగుంది మేస్టారూ" అన్నాడు. వర్తకులు మాట్లాడుతున్నారు, రాణి మాట్లాడుతోంది. భూతం మాత్రం నాలుగు అధ్యాయాలుగా నోరు విప్పలేదు. దానికింకా హల్లులు కుదరలేదు.